అయ్యగారి డ్రమ్ము

లోసా స్వదేశం వెళ్ళిపోవడానికి సామాన్లు సర్దడం మొదలుపెట్టిన నాటి నుంచే ఆమె ఆడపడుచు ఫుసి రోజూ రావడం మొదలుపెట్టింది. అంతకుముందు ఫుసి కాలు ఆ గుమ్మంలో పడాలంటే పుట్టినరోజు విందో, చావుకబురో ఉండాలి. ఇప్పుడలా కాదు. పొద్దున పదయ్యేసరికి కొడుకు ట్రక్కులోంచి దిగడం, "సాయం చెయ్యనా?" అని అడగడం, చెయ్యకపోవడం. కుర్చీ లాక్కుని హాలు నడిమధ్య కూర్చునేది. అరవై మూడేళ్ళ మనిషి, భారీ విగ్రహం. ఆమె కూర్చుంటే హాల్లో ఇంకెవరూ అటూ ఇటూ తిరగడానికి ఉండదు. తెరిచి ఉన్న ప్రతి పెట్టెలోకీ ఓసారి మెడ సాచి చూసేది.

"దీన్లో ఏం పెట్టావు?"

"దుప్పట్లు వదినా."

"దాన్లో?"

"గిన్నెలు."

"అక్కడ గిన్నెలు దొరకవూ?"

"దొరుకుతాయి గానీ..."

"సరే, తీసుకెళ్ళు. నేనేం వద్దన్నానా?"

టీ తాగేది, రెండో కప్పు కూడా తాగేది, వెళ్ళిపోయేది. ఆమె వెళ్ళాక లోసా పెట్టెలన్నీ మళ్ళీ విప్పి చూసుకునేది. ఏదీ పోలేదు. పోకపోవడమే ఆమెకి ఎక్కువ దిగులు. చిన్నవాటి జోలికి రావట్లేదంటే పెద్దదాని మీదే కన్ను పడిందన్నమాట.

ఆ పెద్దది పడగ్గదిలో మూలగా ఉంది. పైన పాత దుప్పటి, దుప్పటి మీద ప్లాస్టిక్ పువ్వుల కూజా. కింద కుట్టు మిషను. ఇళ్ళల్లో పెట్టుకునే బుల్లి మిషను కాదు. కర్టెన్లు కుట్టే కార్ఖానా ఒకటి మూతపడినప్పుడు లోసా ఎంచి కొనుక్కున్న ఇనప మిషను. మోటారు తిరిగితే పక్కింటి కిటికీ అద్దాలు కూడా గుర్రుమంటాయి. మందపాటి గుడ్డ నాలుగు మడతలు పెట్టినా ఆగకుండా కుట్టుకుపోతుంది.

లోసా తోంగా దీవుల నుంచి మెల్‌బోర్న్ అవతలి ఈ రాబిన్‌వేల్‌కి వచ్చి పంతొమ్మిదేళ్ళు. వచ్చినప్పుడు ముప్ఫై ఎనిమిది. మొగుడు తానియెలా ద్రాక్షతోటల్లో తీగలు కత్తిరించేవాడు, ఆమె ప్యాకింగ్ షెడ్డులో గుత్తుల్లోంచి చెడ్డకాయలు ఏరి పారేసేది. చేతిలో చిన్న కత్తెర, కాళ్ళ కింద సిమెంటు నేల, పదేసి గంటలు నిలువుకాళ్ళ మీద. నాలుగేళ్ళ క్రితం చలికాలంలో తానియెలా తీగల వరసల మధ్య కూలబడి మళ్ళీ లేవలేదు. ఊరి శ్మశానంలో అతనికి మంచి జాగా దొరికింది, నది గాలి తగులుతుంది. కూతురు కెసాయా పెళ్ళి చేసుకుని బాదం మిల్లులో పనికి కుదురుకుంది. లోసా మోకాళ్ళు మాత్రం సిమెంటు నేలని ఇక ఒప్పుకోలేదు. తోంగాలో, వవావు దీవిలో తానియెలా కట్టుకున్న ఇల్లుంది, తాళం వేసుంది. అక్కడికి పోయి ఉంటానంది.

"పోయి ఏం చేస్తావు?" అని ఎవరడిగినా ఒకటే జవాబు. "ఏముంది, విశ్రాంతి. కూర్చుని సముద్రం చూస్తాను."

నిజం కెసాయాకి ఒక్కదానికే తెలుసు. ఆ ఇంటికి ఎదురుగానే చర్చి వాళ్ళ బడి. పిల్లల యూనిఫారాలు రాజధాని నుంచి ఓడలో రావాలి. వస్తే ఆలస్యంగా వస్తాయి, వచ్చినవి ఒకరివి ఒకరికి పట్టవు. కూర్చుని కుట్టే పని, మోకాళ్ళతో సంబంధం లేదు. ఆ మిషను ఉంటే లోసా ఎవరి చెయ్యీ చూడకుండా బతుకుతుంది. అది లేకపోతే నిజంగానే సముద్రం చూస్తూ కూర్చోవాలి, చుట్టాలు పెట్టింది తినాలి.

మరి ఈ మాట ఎందుకు దాచిందీ అంటే, ఆడపడుచు వల్ల. తోంగా వాళ్ళలో అన్నదమ్ముల ఇంటి మీద అక్కచెల్లెళ్ళకి, అందులోనూ పెద్దక్కకి, ఉన్న హక్కు ఇంకెవరికీ ఉండదు. పెళ్ళిలో కానుకగా పెట్టే అల్లిక చాపల్లో అన్నిటికన్నా మేలైనది పిల్లల మేనత్తకే, చావులోనూ ఆమెకే. "అది బాగుందే" అని ఆమె నోటివెంట వచ్చిందా, ఆ వస్తువు ఆమె ఇంటికి నడిచినట్టే. కాదన్నవాళ్ళని ఎవరూ కొట్టరు, తిట్టరు. ఊరికే చూస్తారు. ఆ చూపుల కింద చర్చిలో ప్రతి ఆదివారం కూర్చోవాలి కదా. కెసాయాకి పదిహేనేళ్ళప్పుడు ఫుసి వచ్చి ఫ్రిజ్ మీద చెయ్యి వేసి, "ఎంత చల్లగా ఉందో" అంది. అంతే. ఆ సాయంత్రానికి ఫ్రిజ్ లేదు. తానియెలా నవ్వుతూ తనే ఎత్తించాడు. లోసా నవ్వలేదు.

అందుకే మిషను మీద దుప్పటి, దుప్పటి మీద కూజా. ఫుసి దాన్ని చూసి "బాగుందే" అనే అవకాశమే ఇవ్వకూడదని.

కానీ ఒకరోజు ఫుసి టీ తాగుతూ తాగుతూ, గోడకేసి చూస్తూ అడిగింది. "అక్కడి కరెంటుకి ఇక్కడి మోటార్లు ఆడతాయా?"

లోసా కప్పు కింద పెట్టింది. "ఏ మోటార్లు వదినా?"

"ఏవైనా. మిక్సీలూ అవీ."

"ఏమో వదినా. నేనా సంగతి చూడలేదు."

మర్నాడు ఫుసి బాత్రూమ్‌కని లేచి, దారిలో పడగ్గది గుమ్మం దగ్గర ఆగి, గుమ్మానికి అడ్డంగా జానలు పెట్టి కొలిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. లోసా వంటింట్లోంచి చూస్తూనే ఉంది. ఫుసి ఏమీ ఎరగనట్టు బాత్రూమ్‌కి వెళ్ళి, వచ్చి, "తలుపులు సన్నంగా కట్టారు ఈ ఇళ్ళకి" అంది.

ఇక కంచె అవతలి ఉంగాతెయ సంగతి చెప్పక్కర్లేదు. లోసాతో షెడ్డులో పక్కపక్కనే నిలబడి పన్నెండేళ్ళు పనిచేసిన మనిషి. ఊళ్ళో ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో మూత తీయకుండా చెబుతుంది.

"విన్నావా?" అంది ఆ సాయంత్రం కంచె మీద మోచేతులు ఆనించి. "ఫుసి కోడలు లేతి కుట్టుపని నేర్చుకుంటోందట. మన ఊరి హాల్లో, మంగళవారం మంగళవారం."

"నేర్చుకోనీ. నాకేం?"

"నీకేమా? దానింట్లో సూది కూడా లేదే. మిషను లేకుండా నేర్చుకుని ఎక్కడ కుడుతుంది, గాల్లోనా?"

లోసా బట్టలు తీగ మీంచి లాగి బుట్టలో పడేసుకుంది. ఆరినవీ ఆరనివీ కూడా.

"మీ వదిన అడుగుతుంది చూడు," అంది ఉంగాతెయ. "అదీ ఇంట్లో అడగదు. శుక్రవారం నీ వీడ్కోలు విందులో, అందరి ముందూ అడుగుతుంది. నువ్వు అవునూ అనలేవు, కాదూ అనలేవు. నాకెందుకులే, చెప్పాలనిపించి చెప్పాను."

కెసాయా విని నవ్వింది. "వెళ్ళి అత్తతో సూటిగా చెప్పెయ్యమ్మా. ఇది నా పొట్టకూడు, అడక్కండీ అని."

"అలా చెప్పే రివాజు ఉంటే నీ ఫ్రిజ్ ఎందుకు పోయేది?"

"నా ఫ్రిజ్ ఏమిటి, మీ ఫ్రిజ్."

"నీకైతే నవ్వులాటే. నిన్ను ఇక్కడే వదిలి పోతున్నాను కదా, మేనత్తా మేనకోడలూ తర్వాత తీరిగ్గా నవ్వుకోండి."

ఆ శనివారం మెల్‌బోర్న్ నుంచి కంటైనర్ వచ్చి చర్చి ఆవరణలో దిగుతుంది. ఐదు కుటుంబాలు కలిసి అందులో తోంగాకి సామాన్లు పంపుకుంటున్నాయి. ఎవరి డ్రమ్ములు వాళ్ళు సోమవారంకల్లా నింపి, పేరు రాసి, చర్చి హాల్లో పెట్టాలి. ఆ హాలు తాళంచెవి ఎవరి దగ్గరుందంటారు? ఆడవాళ్ళ సంఘానికి పెద్ద ఫుసి కదా, ఆమె మెళ్ళో, శిలువ పక్కనే వేలాడుతోంది. అంటే సోమవారం నుంచి శనివారం దాకా లోసా సామానంతా ఫుసి కాపలాలో ఉంటుంది. ఎప్పుడంటే అప్పుడు తలుపు తీస్తుంది, ఏ మూత కావాలంటే ఆ మూత ఎత్తుతుంది. "ఇదెవరిది, ఇది బాగుందే" అంటుంది.

ఆదివారం ఏ పనీ చెయ్యకూడదు కాబట్టి, ఆదివారమంతా లోసా చర్చిలో కూర్చుని ఆలోచించింది. అయ్యగారు ప్రసంగం చెబుతున్నారు. ఈయన కొత్తగా వచ్చిన పాస్టరుగారు, ఆరు నెలలైంది. సన్నగా, సిగ్గుగా ఉంటారు. తల్లి తోంగాలో, హాపై దీవుల్లో ఒక్కతే ఉంటుందని మాత్రం అందరికీ తెలుసు. ఆయన్ని చూస్తుంటే లోసాకి ఒకటి తట్టింది. ఆడపడుచు ఎవరి మూతైనా ఎత్తుతుంది గానీ, అయ్యగారి మూత ఎత్తదు. ఫుసే కాదు, ఈ ఊళ్ళో ఏ తోంగా మనిషీ ఎత్తడు. దేవుడి సేవకుడి వస్తువు.

సోమవారం తెల్లారగానే మిషను తల స్టాండు నుంచి విప్పింది. మోటారు వేరే చేసింది. రెండింటికీ దుప్పట్లు చుట్టి నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో అడుగున దింపింది. చుట్టూ పాత తువ్వాళ్ళు కుక్కి, పైన పిండి సంచులూ, డబ్బా మాంసం, సబ్బులూ పేర్చింది. మూత బిగించి, తెల్లకాగితం మీద లావుపాటి అక్షరాలతో "అయ్యగారికి" అని రాసింది. ఊరికే అయ్యగారికి అంటే నమ్ముతారో లేదోనని కింద "హాపై" అని కూడా చేర్చింది. టేపుతో అతికించింది. శనివారం పొద్దున కంటైనర్ ఎక్కించే ముందు ఆ కాగితం లాగేసి తన పేరు అతికించుకుంటుంది. ఐదు రోజులు దాస్తే చాలు. స్టాండు విడిగా తన పేరుతోనే కట్టించింది, కాళ్ళూ చెక్కా చూసి అదేమిటో ఎవరికీ తెలియదులెమ్మని.

కెసాయా మొగుడు ఆ డ్రమ్ము హాల్లో దింపి వచ్చి, "ఏం పెట్టారత్తయ్యా, అయ్యగారికి ఇనప బైబిలా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఫుసి వచ్చింది. పడగ్గది తలుపు తెరిచే ఉంది. మూల ఖాళీగా ఉంది. ఫుసి ఆ ఖాళీని చాలాసేపు చూసింది. దుప్పటి లేదు, కూజా లేదు. నేలమీద నాలుగు కాళ్ళ గుర్తులు మాత్రం మిగిలాయి.

"గది పెద్దదిగా కనిపిస్తోంది," అంది.

"సర్దేశాను కదా వదినా."

"అంతా సర్దేశావా?"

"అంతా."

టీ ఇవ్వబోతే వద్దంది ఫుసి. ఇన్నాళ్ళలో మొదటిసారి వద్దంది. మంగళవారం రాలేదు, బుధవారం రాలేదు. రాని ఆడపడుచు వచ్చే ఆడపడుచు కన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది. ఎక్కడుంది, ఏం చేస్తోంది, హాలు తాళం తీసిందా? గురువారం లోసా పువ్వులు పెట్టే నెపంతో హాల్లోకి వెళ్ళింది. డ్రమ్ములన్నీ వరసగా ఉన్నాయి. తన డ్రమ్ములు మూడింటికీ మూతల పట్టీలు కొంచెం వాలి ఉన్నాయి, ఎవరో విప్పి మళ్ళీ బిగించినట్టు. అయ్యగారి డ్రమ్ము పట్టీ మాత్రం తను బిగించినట్టే ఉంది. లోసా లోలోపల తన తెలివికి తనే మురిసిపోయింది.

శుక్రవారం సాయంత్రం ఐదుకి చర్చి హాల్లోనే వీడ్కోలు విందు. చేమాకుల్లో మాంసం పెట్టి కొబ్బరిపాలు పోసి కాల్చిన పొట్లాలు గుట్టలుగా, కర్రపెండలం, పందిపిల్ల. ముందు వరసలో పెద్ద చాప మీద ఫుసి. లోసా ఆమెకి ఎదురుగా తల వంచుకుని కూర్చుంది, పెద్దల ముందు మర్యాదకి నడుముకి కట్టుకున్న చాప గుచ్చుకుంటున్నా కదలకుండా. ఎప్పుడు నోరు తెరుస్తుందా అని ఆమె పెదాలే చూస్తోంది.

నోరు తెరిచింది ఫుసి కాదు. అయ్యగారు లేచారు. ప్రార్థనకని లేచి, ప్రార్థన మొదలుపెట్టలేదు.

"మా అమ్మ ఇంటి కప్పు గాలివానకి లేచిపోయిందని నేనెవరికీ చెప్పలేదు. చెప్పకుండానే మీరు తెలుసుకున్నారు. ఇందాక ఈ హాల్లోనే నా పేరుతో డ్రమ్ము చూశాను. హాపై అని కూడా రాశారు. ఇంత ప్రేమకి నేనేం తిరిగివ్వగలను?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియదు, కానీ తెలియదని ఎవరూ అనలేరు. అయ్యగారి తల్లికి అందరూ ఇచ్చి తను ఒక్కడే ఇవ్వలేదని ఎవడు ఒప్పుకుంటాడు? చర్చి పెద్ద హవెయా గొంతు సవరించుకుని, "మా శక్తి కొద్దీ ఏదో అయ్యగారూ" అనేశాడు. వెనకాల నలుగురు తలలు ఊపారు. ఒకామె కళ్ళు కూడా తుడుచుకుంది.

ఉంగాతెయ లోసా చెవిలో బుసకొట్టింది. "నువ్వేం వేశావు? నన్నెవరూ అడగలేదు చూశావా. కావాలనే నాకు చెప్పలేదు. ఎవరి పనో నాకు తెలుసు."

లోసా ఇప్పుడు లేచి, అయ్యా అది నాది అనాలి. అని ఎలా అనడం? మీ పేరు పెట్టి నా ఆడపడుచు నుంచి నా మిషను దాచుకున్నానని ఏ మొహంతో చెప్పడం? సేవకుడికిచ్చింది వెనక్కి తీసుకున్నవాళ్ళు ఆ ఊళ్ళో ఇంతవరకూ లేరు.

ఈలోగా తమ వంతు వెయ్యనివాళ్ళంతా లేచారు. ఒకరు ఇంటికి పరిగెత్తి పంచదార తెచ్చారు. ఒకరు తలనూనె. హవెయా మూత పట్టీ విప్పాడు, ఇవి కూడా లోపల సర్దడానికి. సబ్బులు తీసి పక్కన పెట్టాడు, పిండి సంచులు తీశాడు, తువ్వాళ్ళు లాగాడు. ఇనుము తగిలింది. దుప్పటి విప్పాడు.

"ఇదేదో యంత్రం," అన్నాడు.

"మా అమ్మకి కుట్టు రాదు," అన్నారు అయ్యగారు నెమ్మదిగా. "అయినా నేర్చుకుంటుందేమో."

అప్పుడు ఫుసి లేచింది. ఆమె లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి, ఆరోజు ఎవరి సాయమూ లేకుండానే లేచింది. డ్రమ్ము దగ్గరికి వచ్చి లోపలికి చూసింది. తర్వాత లోసాని చూసింది. ఆ చూపు లోసా జన్మలో మరిచిపోదు. కోపం కాదు, ఆశ్చర్యం కాదు, ఇంతలా దాచావా అన్నట్టుంది.

"అయ్యగారూ క్షమించాలి," అంది ఫుసి. "ఇది నా తమ్ముడి ఇంటి వస్తువు. మా లోసాకి భక్తి ఎక్కువ. భక్తి పొంగిపోయి నన్ను అడక్కుండా మీకిచ్చేసింది. తమ్ముడింట్లోంచి వస్తువు కదలాలంటే నేనొప్పుకోవాలి. నేను ఒప్పుకోను. ఇది నాది."

అయ్యగారు వెంటనే రెండు చేతులూ జోడించారు. మేనత్త హక్కు ముందు ఆయన మాత్రం ఏం మాట్లాడగలరు? ఆయనకీ ఉంది ఒక మేనత్త.

"మీ అమ్మగారికి ఇంకో డ్రమ్ము మేమందరం ఇప్పుడే నింపుతాం," అంది ఫుసి. హాలంతటికీ వినపడేలా, "కప్పు రేకులు కూడా" అని చేర్చింది. ఇంతసేపూ తల ఊపినవాళ్ళంతా ఇప్పుడు నిజంగా ఇవ్వాల్సి వచ్చింది. గంటలో డ్రమ్ము నిండింది. నాలుగు రేకులు హవెయా ఇంటి వెనక షెడ్డు మీదవే.

అందరూ లోసా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నారు. ఎంత మంచి మనసు, మిషను కూడా ఇచ్చేయబోయావు అన్నారు. లోసా తల దించుకుంటే అది వినయం అనుకున్నారు. ఆమె కళ్ళెత్తి చూసేసరికి ఫుసి కొడుకు మిషను డ్రమ్మును ట్రక్కులోకి ఎక్కిస్తున్నాడు. ఫుసి ముందు సీట్లో కూర్చుని ఉంది, వెనక్కి తిరగలేదు.

"అన్నానా?" అంది ఉంగాతెయ. "అన్నట్టే అందరి ముందూ తీసుకుంది. పైగా నీకు పుణ్యం కట్టబెట్టి మరీ."

శనివారం పొద్దున ఏడింటికి లోసా నది దారిన నడుచుకుంటూ ఫుసి ఇంటికి వెళ్ళింది. దారిపొడుగునా ఏం అనాలో అనుకుంటూనే ఉంది, గుమ్మం చేరేసరికి ఒక్క ముక్కా గుర్తు లేదు. వరండాలో బల్ల మీద మిషను తల ఉంది. ఫుసి పాత చొక్కా గుడ్డతో దానికి నూనె తుడుస్తోంది. పక్కన లేతి దారపు కండెలు పట్టుకుని నిలబడి ఉంది. అత్త కళ్ళతో చెప్పగానే లోపలికి పోయింది.

"కూర్చో."

"కూర్చోను వదినా. పదకొండుకి కంటైనర్ కదులుతుంది."

"అయితే నిలబడే అడుగు. అడగడానికే వచ్చావు కదా."

ముప్ఫై ఏళ్ళలో లోసా ఆమెని ఏదీ అడగలేదు. ఇవ్వడమే తెలుసు. "అది నాకు కావాలి," అంది.

"ఎందుకు? విశ్రాంతికి వెళ్తున్నావుగా. సముద్రం చూస్తూ కూర్చోడానికి మిషనెందుకు?"

లోసా చెప్పింది. బడి గురించి, యూనిఫారాల గురించి, మోకాళ్ళ గురించి. ఎవరి చెయ్యీ చూడకుండా బతకాలని ఉందని చెప్పింది.

ఫుసి గుడ్డ పక్కన పెట్టింది. "ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే అడుగుతారని."

"చెప్పకపోయినా అడగాలనే అనుకున్నాను. అబద్ధం ఎందుకు, ఇది నీ ఇంటికి వచ్చిన నాటి నుంచీ నా మనసులో ఉంది. లేతి కుట్టుకుంటుందనుకున్నాను. నువ్వేమో ఊరంతా విశ్రాంతి విశ్రాంతి అని చాటుతున్నావు. అక్కర్లేని వస్తువు కదా, నీ నోటితో నువ్వే ఇస్తావేమోనని రోజూ వచ్చి కూర్చున్నాను. నువ్వు టీ ఇచ్చావు."

"రోజుకి రెండు కప్పులు."

"మూడోది ఇచ్చుంటే అడిగేసేదాన్ని." ఫుసి మొహంలో నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. "నీ డ్రమ్ములు కూడా విప్పించాను. ఇది ఎక్కడా కనబడకపోతే ఎవరికైనా అమ్మేసిందేమో, నాతో ఒక్క మాట అనకుండా, అని రెండు రోజులు అన్నం సయించలేదు నాకు."

లోపల్నుంచి లేతి కండెలు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"సరే, తీసుకెళ్ళావే అనుకో," అంది ఫుసి. "ఎన్నాళ్ళుంటుంది నీ దగ్గర? అక్కడ సేలా ఉంది."

సేలా తానియెలా చిన్నాన్న కూతురు. తానియెలాకి చెల్లెలి వరస. లోసా ఆ సంగతి ఆలోచించనే లేదు. ఇక్కడి ఆడపడుచుని చూసి భయపడుతూ అక్కడి ఆడపడుచుని మరిచిపోయింది.

"నువ్వు దిగిన వారంలో వస్తుంది. బాగుందే అంటుంది. నువ్వు తల వంచుకుని ఇచ్చేస్తావు. నాకు ఇవ్వకుండా ఉండడానికి అయ్యగారిని అడ్డం పెట్టుకున్నావు, దానికి ఎవర్ని అడ్డం పెడతావు? బిషప్పునా?" ఫుసి మిషను చక్రం చేత్తో ఓసారి తిప్పింది. "సేలా చిన్నాన్న కూతురు. నేను సొంత అక్కని, అందరికన్నా పెద్దదాన్ని. నాదైన వస్తువు మీద అది కన్ను కూడా వెయ్యలేదు. కాబట్టి ఇది నాదే. నిన్న అందరి ముందూ అన్నాను, ఇవాళ కూడా అంటున్నాను."

"మీదే అంటే..." లోసా మాటలు కూడదీసుకుంది. "నాకిచ్చినట్టా వదినా, మీరు ఉంచుకున్నట్టా?"

"కంటైనర్ పదకొండుకే కదూ?" అంది ఫుసి. "లేతీ, మీ ఆయన్ని లేపు. ట్రక్కు తియ్యమను."

లేతి బయటికి వచ్చి లోసా మొహం చూడకుండా దారపు కండెలు డ్రమ్ములో పడేసింది. కొంచెం గట్టిగానే పడేసింది.

ఏడు వారాలకి డ్రమ్ములు వవావు చేరాయి. లోసా కిటికీ దగ్గర స్టాండు నిలబెట్టి, మోటారు బిగించింది. బడి నుంచి కొలతలు తెచ్చుకుంది. మొదటి నెలలో పదకొండు గౌన్లు కుట్టింది. ఫుసి అన్న మాట ఒక్కటే తప్పింది. సేలా మొదటి వారంలో రాలేదు, మిషను చేరిన అయిదో వారంలో వచ్చింది. చేతిలో పనసపండు, మొహం నిండా ప్రేమ.

"అన్నయ్య ఇంటికొస్తే పుట్టింటికొచ్చినట్టే," అంది సేలా తానియెలా ఫోటో చూసి. మిషను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. చక్రం మీద చెయ్యి వేసింది. "లోసా, ఇది ఎంత..."

"ఫుసి వదినది," అంది లోసా, కుట్టు ఆపకుండా.

సేలా చెయ్యి తీసేసింది. "ఫుసి అక్కదా?"

"ఆవిడదే. నన్ను చూసుకోమని పెట్టింది."

సేలా కాసేపు కూర్చుంది, పనసపండు ఇచ్చింది, వెళ్ళిపోయింది. లోసా గుమ్మం దాకా వెళ్ళి ఆమె మలుపు తిరిగేదాకా చూసింది. మలుపు దగ్గర సేలా ఆగి వెనక్కి చూసింది. ఇద్దరూ చేతులూపుకున్నారు.

ఆదివారం చర్చి అయ్యాక ఫుసి ఫోను చేస్తుంది, వారం తప్పదు. కెసాయా గురించి, తానియెలా సమాధి మీద పువ్వులు మార్చిన సంగతి, ఉంగాతెయ ఎవరితో పోట్లాడిందీ అన్నీ చెబుతుంది. ఆఖర్న అడుగుతుంది.

"నా మిషను ఆడుతోందా?"

"ఆడుతోంది వదినా."

"నూనె వేస్తున్నావా?"

"వేస్తున్నాను."

"మంచిది. లేతి కుట్టు నేర్చేసుకుంది. డిసెంబరులో నేను అక్కడికి వద్దామనుకుంటున్నాను."

లోసా ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకుంది.

"రండి వదినా, తప్పకుండా రండి," అంది. ఆపైన ఉండబట్టలేక అడిగింది. "ఎన్ని పెట్టెలు తెస్తున్నారు? ఖాళీవి కూడా తెస్తున్నారా?"

అటువైపు ఫుసి పెద్దగా నవ్వింది. నవ్వుతూనే ఫోను పెట్టేసింది. లోసా గోడమీది క్యాలెండరు తీసి, డిసెంబరు లోపు ఎన్ని గౌన్లు కుట్టగలదో వేళ్ళ మీద లెక్క వేసుకోవడం మొదలుపెట్టింది.